పల్నాట నాయకురాళ్లు: బడి, పంచాయతీ, కచేరి

తెలుగునాట ఇంకెక్కడైనా నాయకురాలు అంటే ముందుండి నడిపించే స్త్రీ అని అర్థం. పల్నాట అది ఒక మనిషి పేరు. గురజాల రాజు నలగాముని మంత్రి నాగమ్మను ఇక్కడ ‘నాయకురాలు’ అంటే చాలు, ఊరూ పేరూ చెప్పనక్కర్లేదు. 12వ శతాబ్దంలోనే ఒక ఆడమనిషి మంత్రిత్వం నెరపిన నేల ఇది. కృష్ణకు దక్షిణాన, నల్లమల అంచున ఉన్న ఈ సీమను 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడదీసి, నరసరావుపేట కేంద్రంగా 28 మండలాల జిల్లా చేశారు. గురజాల, మాచర్ల, కారంపూడి, దాచేపల్లి ప్రాంతాలు పాత పల్నాడు. నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండ, సత్తెనపల్లి జిల్లా ఏర్పాటుతో ఆ పేరు కిందికి వచ్చాయి. ఈ ప్రాంతపు బడుల్లో, పంచాయతీల్లో, సర్కారు కచేరీల్లో స్త్రీలు అధికారంలోకి వచ్చిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. పల్నాట స్త్రీకి అధికారం దక్కిన ప్రతి సందర్భం వెనకా ఏదో ఒక రాత కనబడుతుంది. ఒకచోట శాసనం, ఒకచోట రాజు రాసిచ్చిన పత్రం, ఒకచోట చట్టం, ఇంకోచోట జీవో. ఫలానా పని ఫలానా ఆమెది అని రాతలో ఉన్నంతవరకే అది ఆమె చేతిలో నిలిచింది. మాటమీద, మర్యాదమీద వదిలేసిన చోట జారిపోయింది.

రాతికెక్కిన పేర్లు

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇప్పటి మాచర్ల మండలంలోని నాగార్జునకొండ లోయలో ఉండేది. రాజులు వైదిక యాగాలు చేస్తుంటే అంతఃపుర స్త్రీలు బౌద్ధ చైత్యాలు, విహారాలు కట్టించారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి, మేనల్లుడు వీరపురుషదత్తుని పాలనలో 6వ ఏట అక్కడి మహాచైత్యాన్ని నిలబెట్టింది. స్తంభాల మీది ప్రాకృత శాసనాల్లో ఆమె పేరు ఒకసారి కాదు, మళ్లీమళ్లీ వస్తుంది. ఆమెకు ‘మహాతలవరి’ అనే బిరుదుంది. మహాతలవరుడు పెద్ద అధికారి, అతని భార్య మహాతలవరి. మన ఊళ్ల ‘తలారి’ ఆ తలవర శబ్దం నుంచే వచ్చిందని అంటారు.

రాణి భట్టిదేవ ఒక విహారం కట్టించింది. వీరపురుషదత్తుని కూతురు, వనవాసి రాజు భార్య కొడబలిసిరి మరొకటి కట్టించింది. వీళ్లంతా రాజకుటుంబీకులు. బోధిసిరి అలా కాదు. ఆమె ఒక ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. తాను ఇంకా ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో జాబితా వేసి ఆ శాసనంలోనే చెక్కించింది. దానం చేయడమూ పాలించడమూ ఒకటి కాదు, నిజమే. కానీ సొమ్ము ఎంత ఖర్చుపెట్టాలో, ఏ శాఖ భిక్షువులకు ఇవ్వాలో నిర్ణయించి, ఆ నిర్ణయం తనదేనని రాయించుకున్న స్త్రీలు వీళ్లు. సాగర్ జలాశయం కింద లోయ మునిగినా ఆ రాళ్లు ద్వీపం మీది మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ఏడు గడియల పత్రం

నాగమ్మ కథ మనకు వీరగాథల ద్వారా, శ్రీనాథునిదిగా చెప్పే ‘పల్నాటి వీరచరిత్ర’ ద్వారా అందింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. పల్నాటి యుద్ధం 1180 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారుల అంచనా. కథలో ఏది చరిత్రో ఏది కల్పనో విడదీయడం కష్టమైన పని. అయినా జనం ఆ కథను ఎలా గుర్తుపెట్టుకున్నారన్నదీ చరిత్రలో భాగమే.

జనం చెప్పుకునే కథ ఇది. నాగమ్మ పసితనంలోనే తండ్రితో తెలంగాణ ప్రాంతం నుంచి వలస వచ్చి జిట్టగామాలపాడులో పెరిగింది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. భూములు తానే చూసుకుంది, ఊళ్లో తగవులు తీర్చింది. ఒక ఎండపూట పరివారంతో అలసి వచ్చిన రాజుకు పందిళ్లు వేయించి, అన్నపానాలు పెట్టింది. సంతోషించిన రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. మాన్యాలు అడగలేదు, నగలు అడగలేదు. తాను కోరిన రోజున ఏడు గడియలపాటు మంత్రిత్వం ఇమ్మంది. ఇస్తానన్న మాటతో సరిపెట్టుకోకుండా రాయించుకుంది. తర్వాత ఆ పత్రం పట్టుకుని గురజాల కొలువుకు వెళ్లింది.

గడియ అంటే 24 నిమిషాలు. ఏడు గడియలంటే మూడు గంటలకు 12 నిమిషాలు తక్కువ. అంత కొద్ది సమయంలో తన సమర్థత చూపి ఆ పదవిలో నిలదొక్కుకుంది. అవతల బ్రహ్మనాయుడు నలగాముని సవతి తమ్ముడు మలిదేవుని పక్షాన మాచర్లను నడిపాడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోవడం, గడువు తీరాక రాయబారం వచ్చిన అలరాజు విషప్రయోగంతో చనిపోవడం, చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరగడం పల్నాట పిల్లలకు కూడా తెలుసు.

కావ్యంలోనూ సినిమాల్లోనూ ఆమెను కుట్రదారుగానే ఎక్కువగా చూపించారు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, 1966 చిత్రంలో భానుమతి ఆ పాత్ర ధరించారు. ఆ ఇద్దరు మహానటుల ఠీవి చూసినవాళ్లకు నాగమ్మ మీద కోపంతోపాటు గౌరవమూ కలుగుతుంది. మగ మంత్రి చేస్తే రాజనీతి అనే పనిని ఆడ మంత్రి చేస్తే జిత్తులమారితనం అన్నారని నా అభిప్రాయం. పంతాలకు బ్రహ్మనాయుడి వైపూ తక్కువ లేదు. కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకూ ఒక్కో ఘట్టం ఉంది. కోడిపోరు నాడు నాగమ్మ పుంజు మళ్లీ బరిలోకి దిగుతుంది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆమె లేకుండా ఆ కథ నడవదు.

అక్షరం ఆలస్యంగా వచ్చింది

అంతటి నాయకురాలి సీమలో ఆడపిల్లకు పలక చేతికి రావడానికి శతాబ్దాలు పట్టింది. లూథరన్ మిషనరీ హయ్యరు 1849లో గురజాల చేరి పని మొదలుపెట్టాడు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం పెద్దాసుపత్రిని నిలబెట్టింది. ఒక సంస్థను ఆడమనిషి నడపడం ఈ చుట్టుపక్కల జనం కళ్లారా చూసింది మొదట అలాంటి చోట్లే. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదానికేతనం స్థాపించారు. అనాథలకు, వితంతువులకు అక్కడ చదువు, చేతిపని నేర్పారు. అడవిలో పశువుల మేతకు వేసిన పుల్లరి పన్ను మీద పల్నాట సాగిన ఉద్యమంలో లక్ష్మీనారాయణ జైలుకు వెళ్లిన కాలమూ అదే. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చింది 1922 ఫిబ్రవరిలో. జైలు బయట సంస్థ బరువును మోసింది లక్ష్మీబాయమ్మే.

2011 జనగణన నాటికి ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత 60 శాతం. డెల్టా ఊళ్లను తీసేసి, నల్లమల అంచునున్న బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మండలాలను విడిగా చూస్తే పరిస్థితి అంతకంటే వెనకబడి ఉంటుంది. ఇక్కడ మిరప పంట ఎక్కువ. కోతలు మాఘ ఫాల్గుణాల్లో ముమ్మరమవుతాయి, వార్షిక పరీక్షలూ ఆ వెంటనే వస్తాయి. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు అమ్మ వెంట చేనుకు పోతారు, లేదా చంటి తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతారు. 2004లో కేంద్రం ప్రారంభించిన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు సరిగ్గా ఇలాంటి మండలాల కోసమే పుట్టాయి. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు, పాఠాలు చెప్పేదీ ఆడవాళ్లే, బడిని నడిపే ప్రిన్సిపాలూ మహిళే. పిల్ల పండక్కి ఇంటికెళ్లి తిరిగి రాకపోతే ఆ తండాకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి వెనక్కి తెచ్చుకునేది ఆ ప్రిన్సిపాలే. సరుకుల లెక్క, వంటమనిషి సెలవు, రాత్రిపూట పిల్లకు జ్వరం, అన్నీ ఆమెకే. జిల్లాలో స్త్రీ నాయకత్వం అంటే ఎవరైనా మంత్రులనూ కలెక్టర్లనూ తలుస్తారు. నేనైతే ముందు వీళ్లను తలుస్తాను.

శాసనసభలో

పల్నాడు జిల్లా పరిధిలోని నియోజకవర్గాల నుంచి శాసనసభకు వెళ్లిన స్త్రీలు కొద్దిమందే. వినుకొండ నుంచి భవనం జయప్రద 1967, 1972 ఎన్నికల్లో గెలిచారు. నన్నపనేని రాజకుమారి 1983లో సత్తెనపల్లి నుంచి, 1989లో వినుకొండ నుంచి నెగ్గి, తర్వాతి కాలంలో రాష్ట్ర మహిళా కమిషన్ అధ్యక్షురాలయ్యారు. చిలకలూరిపేట 1989లో కందిమళ్ల జయమ్మను ఎన్నుకుంది. 1994లో సత్తెనపల్లి నుంచి సీపీఎం అభ్యర్థిగా పుతుంబాక భారతి, 1999లో మాచర్ల నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా జూలకంటి దుర్గాంబ గెలిచారు. 2019లో చిలకలూరిపేట నుంచి గెలిచిన విడదల రజిని 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి అయ్యారు. కొత్త జిల్లా, ఆ జిల్లా నుంచి మహిళా మంత్రి ఒకే నెలలో వచ్చాయి.

వీరిలో కొందరికి రాజకీయ కుటుంబమే దారి చూపింది. అది వాళ్ల తప్పు కాదు. ముఠా తగాదాల పల్నాట ఎన్నికల బరి అంటే ఇంటి మగవాళ్లే వెనకాడేంత ఖరీదు, అంత ప్రమాదం. అలాంటి చోట ఏ అండా లేని స్త్రీకి టికెట్టు ఇచ్చే పార్టీ ఏదీ? చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలిచ్చే 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందింది. జనగణన, పునర్విభజన తర్వాతే అది అమలు కావాలని ఆ సవరణలోనే రాసి ఉంది.

పంచాయతీ: కుర్చీ, బీగం

స్థానిక సంస్థల్లో మాత్రం లెక్క మారింది. 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చి మూడో వంతు పదవులు స్త్రీలవయ్యాయి. 2011లో ఆంధ్రప్రదేశ్ దాన్ని సగానికి పెంచింది. 2021 సెప్టెంబరులో ఉమ్మడి గుంటూరు జిల్లా పరిషత్ అధ్యక్షురాలిగా కత్తెర హెనీ క్రిస్టినా ఎన్నికయ్యారు. జిల్లా విడిపోయినా జిల్లా పరిషత్ పాత హద్దులతోనే నడిచింది కాబట్టి పల్నాటి మండలాలూ ఆమె పరిధిలోకే వచ్చాయి. ఆ ఏడు పరిషత్ ఎన్నికలు జరిపిన రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నీలం సాహ్నీ కూడా మహిళే. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా ప్రధాన కార్యదర్శి ఆమె.

ఊళ్లో ‘సర్పంచి గారు’ అంటే ఆమేనా, ఆమె భర్తా అని ఇప్పటికీ అడగాల్సి రావడం బాధాకరం. గోడమీద బోర్డులో పేరు ఆమెది. అరుగుమీద తగవు తీర్చేది ఆయన. నిజంగా సర్పంచి ఎవరో తెలుసుకోవాలంటే ఒక చిన్న వస్తువు చూడాలి. పంచాయతీ బిల్లులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చెల్లిస్తారు. అందుకు సర్పంచికీ కార్యదర్శికీ చెరొక డిజిటల్ సంతకం ఉంటుంది. అది పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్, బొటనవేలంత ఉంటుంది. దాన్ని కంప్యూటరుకు గుచ్చి, పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది. ఆ డాంగిల్ ఆమె బీరువాలో, తాళం ఆమె కొంగున ఉంటే ఆ ఊరికి సర్పంచి ఉన్నట్టు. భర్త చొక్కా జేబులోనో, కాంట్రాక్టరు సంచిలోనో ఉంటే లేనట్టు. మొదటి ఏడాది భర్తను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వచ్చిన సర్పంచులే రెండో ఏటికి ఒంటరిగా ఆటో దిగుతారు. మూడో ఏటికి వీధి దీపాల బిల్లు ఎందుకంత వచ్చిందని కార్యదర్శిని నిలదీస్తారు. ఆ మార్పు నిలదొక్కుకునేలోగా అయిదేళ్లు గడిచి, రిజర్వేషన్ మారి ఆ స్థానం మరొకరికి పోతుంది.

పోటీ లేకుండా వచ్చిన పదవి గురించి కూడా చెప్పుకోవాలి. 2021 పురపాలక ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్లల్లో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. కౌన్సిల్లో సగం మంది ఆడవాళ్లే. కానీ ఓటు అడగకుండా, ఇల్లిల్లూ తిరగకుండా కుర్చీ ఎక్కిన సభ్యురాలికి తనను ఎన్నుకున్న జనం ఫలానా అని చెప్పుకునే వీలుండదు. పార్టీ నాయకుడికే ఆమె బాకీపడుతుంది.

పదవీ రిజర్వేషనూ లేకుండా పెరిగిన నాయకత్వం పొదుపు సంఘాలది. 1990ల నుంచి డ్వాక్రా, తర్వాత వెలుగు పేరుతో పదిమంది చొప్పున కూడిన ఆడవాళ్లు గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య దాకా తమ అధ్యక్షురాళ్లను తామే ఎన్నుకున్నారు. వేలిముద్ర వేసే సభ్యురాలు కూడా మినిట్స్ పుస్తకంలో ఏం రాశారో చదివి వినిపించమంటుంది. బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడడం చాలామంది అక్కడే నేర్చుకున్నారు. తర్వాత సర్పంచులుగా నిలబడ్డవాళ్లలో సంఘం లీడర్లు కనబడటం అందుకే.

హెచ్చెమ్ గది గోడ

పల్నాట ఏ పాత జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లినా హెచ్చెమ్ గదిలో కుర్చీ వెనక గోడకు ఒక చెక్క బోర్డు కనబడుతుంది. నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు. వరుస సంఖ్య, పేరు, విద్యార్హతలు, నుండి, వరకు. పైనుంచి చదువుకుంటూ రండి. ‘శ్రీ’, ‘శ్రీ’, ‘శ్రీ’ అని పది పన్నెండు వరసలు దిగాక ఎక్కడో ఒక ‘శ్రీమతి’ తగులుతుంది. ఆ పేరు పక్కన తేదీలు చూస్తే ఏడాదో, ఏడాదిన్నరో. బ్రాకెట్లో ‘ఇన్‌ఛార్జి’ అని ఉన్నా ఆశ్చర్యం లేదు. అడుగుకు వచ్చేసరికి శ్రీమతులు కాస్త దగ్గర దగ్గరగా కనబడతారు. ఈ జిల్లా బడుల చరిత్రను ఇంత క్లుప్తంగా చెప్పే పత్రం మరొకటి లేదు.

దేశంలో ఇప్పుడు ఉపాధ్యాయుల్లో సగానికి పైగా స్త్రీలే. రాష్ట్ర సర్వీసు నిబంధనల్లోని 22-ఏ ప్రకారం నేరుగా జరిపే నియామకాల్లో మూడో వంతు ఉద్యోగాలు వాళ్లవి. అందుకే డీఎస్సీ పరీక్ష రాసి సెకండరీ గ్రేడ్ టీచర్లుగా (ఎస్జీటీలుగా) చేరినవాళ్లలో అమ్మాయిలు దండిగా ఉన్నారు. ఆ నిబంధన నియామకం దాకే వస్తుంది, పదోన్నతికి రాదు. ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంట్, అక్కడినుంచి గెజిటెడ్ హెచ్చెమ్, ఆపైన ఉప విద్యాధికారి, ఈ మెట్లన్నీ సీనియారిటీ మీద ఎక్కాల్సినవే. 1980లు, 90ల మొదట్లో చేరినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ కాబట్టి పై మెట్ల మీద ఇన్నాళ్లూ వాళ్లే ఉన్నారు. దానికి తోడు ప్రభుత్వ, పంచాయతీరాజ్ యాజమాన్యాల ఉపాధ్యాయుల ఉమ్మడి సర్వీసు నిబంధనల వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, మండల విద్యాధికారి (ఎంఈఓ) పోస్టులు చాలాకాలం ఇన్‌ఛార్జీలతోనే నడిచాయి.

బాలికల హైస్కూళ్ల సంగతి వేరు. బదిలీ నిబంధనల ప్రకారం 50 ఏళ్లలోపు మగ ఉపాధ్యాయులు ఆ బడులను కోరుకోకూడదు. కనుక అక్కడి హెచ్చెమ్ కుర్చీ చాలావరకు స్త్రీలకే వచ్చింది. ఆ బడుల బోర్డు మీద శ్రీమతులు మొదటి వరస నుంచే కనబడతారు. కూడబెట్టిన అనుభవం, పిల్లల్లో భయం లేకపోవడం, మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుందో రోజూ పొద్దున్నే అడగడం, ఇవన్నీ అక్కడ మామూలు సంగతులు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల్లో సగం మంది స్త్రీలుండాలంది. మధ్యాహ్న భోజనం రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పే తల్లుల మాటకు ఇప్పుడు చట్టం బలముంది.

కచేరీలు

స్త్రీ శిశు సంక్షేమ శాఖలో మొదటినుంచీ ఆడవాళ్లదే పైచేయి. అంగన్‌వాడీ కార్యకర్త, సూపర్‌వైజరు, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ), ప్రాజెక్టు డైరెక్టరు దాకా ఆ నిచ్చెన వాళ్లే ఎక్కారు. బాల్యవివాహం జరుగుతోందని అర్ధరాత్రి ఫోన్ వస్తే పందిట్లోకి వెళ్లి ఆపాల్సింది వాళ్లే. పెళ్లివారి బంధుబలగం మధ్య ఒక్క హోంగార్డుతో నిలబడి అమ్మాయి ఆధార్ కార్డు అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసు, ఏఎన్ఎం, సంక్షేమ సహాయకులుగా యువతులు పెద్ద సంఖ్యలో చేరారు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీకి అధ్యక్షురాలిగా సీనియర్ మహిళా ఉద్యోగే ఉండాలని 2013 చట్టం చెబుతోంది. పై అధికారి మీద వచ్చిన ఫిర్యాదును కూడా విని, తేల్చి, నివేదిక రాయగల స్థానం అది.

రెవెన్యూ, పోలీసు శాఖల్లో దారి ఆలస్యంగా తెరుచుకుంది. 2024 మే 13 పోలింగ్ నాడు, ఆ తర్వాత మాచర్ల, నరసరావుపేట ప్రాంతాలు హింసతో అట్టుడికాయి. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. ఆ స్థితిలో ఎస్పీగా వచ్చిన మలికా గార్గ్ పల్నాడు జిల్లాకు తొలి మహిళా ఎస్పీ. జూన్ 4 ఓట్ల లెక్కింపు గండం ఆమె చేతుల మీదుగానే గడిచింది. జూలైలో ఆమె బదిలీ అయ్యారు. జిల్లా అత్యంత గడ్డుకాలంలో ఆమెకు దక్కింది రెండు నెలలు. మంచి రోజుల్లో మగవాళ్లకిచ్చి, చేయి దాటిపోయిందనుకున్నప్పుడు స్త్రీని పిలవడం మన రాజ్యాంగ యంత్రానికి అలవాటేమో అనిపిస్తుంది. 2025 సెప్టెంబరులో, 2022లో కాకినాడ కొత్త జిల్లాకు తొలి కలెక్టరుగా పనిచేసిన కృతికా శుక్లా పల్నాడు కలెక్టరుగా వచ్చారు. ఈ జిల్లాకు తొలి మహిళా కలెక్టరు ఆమె. అదే విడతలో పక్కనున్న గుంటూరుకు తమీమ్ అన్సారియాను నియమించారు. పాత ఉమ్మడి జిల్లాలోని ఈ రెండు ముక్కలకూ ఒకేసారి మహిళలే కలెక్టర్లయ్యారు.

పదోన్నతి నాడు

బడికి మళ్లీ వద్దాం. హెచ్చెమ్ పదోన్నతుల కౌన్సెలింగ్ రోజున సీనియారిటీ జాబితాలో ముందున్న స్కూల్ అసిస్టెంట్ల ముందు ఖాళీల పట్టిక ఉంటుంది. నరసరావుపేట చుట్టుపక్కల ఖాళీలు ముందువాళ్లు తీసుకుంటారు. మిగిలేవి బొల్లాపల్లి అడవి అంచున, వెల్దుర్తి అవతల, దుర్గి వైపు ఊళ్లు. పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం చీకటిపడ్డాకే ఇల్లు. వంతు వచ్చిన టీచరమ్మకు ఇంట్లో మంచాన ఉన్న అత్తగారు, ఇంటర్ చదివే కూతురు. మగ సహోద్యోగి అదే ఊరికి వెళ్లి గది అద్దెకు తీసుకుని శనివారం ఇంటికొస్తాడు. ఆమెకు ఆ వీలు ఎవరూ ఇవ్వరు, అడగడమూ ఆమెకు తోచదు. పదోన్నతి వద్దనుకుంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో వేలకొద్దీ నల్లబల్లల మీద రాసిన చేత్తోనే ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని, కుటుంబ కారణాల వల్ల ఈ పదోన్నతిని వదులుకుంటున్నానని రాసి, కింద సంతకం పెట్టి ఇస్తుంది. మైకులో తర్వాతి పేరు పిలుస్తారు.